దొంగ నింపి వెళ్ళిన పీపా

"దొంగ అన్నవాడు పట్టుకుపోతాడక్కా, తెచ్చిపెట్టి పోడు" అన్నాడు రెజిస్, నేలమాళిగ మెట్ల మీద కాలు మీద కాలేసుకుని. "ఈ పీపాలో ఉండాల్సినదానికంటే ఎక్కువ వైన్ ఉంది. పోయిందేమీ లేదు. దొంగతనమే లేనప్పుడు ఇంక దొంగెక్కడ? ఇది మోసం. చేసింది ఈ అమ్మాయి. కేసు అయిపోయింది, నువ్వెళ్ళి కోడి తిను."

కోడి తినమని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పై వంటింట్లో వెన్నలో వేగుతున్న మోరెల్ పుట్టగొడుగుల వాసన ఇందాకటి నుంచి నా పని చెడగొడుతోంది. కానీ మా తమ్ముడు తినమన్నాడు కాబట్టి చచ్చినా తినను.

"పోలీసు కెప్టెన్ టోపీ పెడితే బుర్ర పెరగదురా. లే అక్కణ్ణించి. నువ్వు సాక్ష్యం మీద కూర్చున్నావేమో!"

వాడు గబుక్కున లేచి వెనక దులుపుకున్నాడు. మెట్టు మీద సాక్ష్యమూ లేదు, మట్టీ లేదు. పీపా పక్కన నిలబడ్డ సొలేన్ అంత బాధలోనూ ఫక్కున నవ్వేసింది. నాకు కావలసింది అదే. ఏడుస్తున్న మనిషి జవాబులు చెప్పదు, నవ్విన మనిషి చెబుతుంది. ఈ సూత్రం కనిపెట్టింది నేనే. నేనంటే ఓడిల్ షెవసు, వెర్నాంజ్ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ప్రైవేట్ డిటెక్టివ్‌ని. అంతకుముందు పాతికేళ్ళు వైన్ రుచి చూసి బతికాను. ఊళ్ళో పోలీసు నా సొంత తమ్ముడు కావడం నా ఖర్మ.

సొలేన్ బూవ్రే సంగతి చెప్పాలి. లియోన్‌లో పెద్ద హోటల్లో వంట చేసే పిల్ల. ఆ ఉద్యోగం ఒకరోజు వదిలేసి వచ్చి, మా ఊళ్ళో కాస్త ద్రాక్షతోట పట్టి, తన మొదటి పసుపు వైన్ పీపాలో పోసింది. మా జురా కొండల్లో పసుపు వైన్ అంటే సామాన్యం కాదు. ఆరేళ్ళ మూడు నెలలు దాని జోలికి ఎవరూ పోకూడదు. లోపల అది ఆరిపోతూ ఆరిపోతూ పీపాలో మూడో వంతు ఖాళీ అవుతుంది. వైన్ మీద పాల మీద మీగడలా సన్నటి తెర కడుతుంది. ఆ తెర కింద వైన్ పండి అక్రోటు వాసన వస్తుంది. ఏటా ఫిబ్రవరి మొదటి ఆదివారం చర్చి గంట పన్నెండు కొట్టగానే ఒక ఇంటివాళ్ళ పీపా ఊరందరి ముందూ తెరుస్తాం. ఈ ఏడు సొలేన్ వంతు. ఆమె పెట్టుకున్న పూటకూళ్ళ ఇల్లు కూడా ఇవాళే తెరుచుకుంటోంది. రెండు వందల మంది భోజనానికి వస్తున్నారు.

పొద్దున ఊరి వైన్ సంఘం పెద్దలు ఆ పీపాలోది రుచి చూశారు. చూసి మొహాలు వేలాడేశారు. తెర లేదు. అక్రోటు వాసన లేదు. మూతి దాకా నిండుగా నిరుటి మామూలు తెల్ల వైన్ ఉంది. గంట కొట్టేలోపు సంగతి తేలకపోతే సంఘంలోంచి సొలేన్ పేరు కొట్టేస్తారు. పేరు కొట్టేసిన ఇంట్లో మా ఊరివాళ్ళు మళ్ళీ గ్లాసు ముట్టరు. ఇంక ఆ పూటకూళ్ళ ఇల్లు ఎవరికోసం?

"ఏడవడం నావల్ల కాదు ఓడిల్ గారూ, ఉల్లిపాయలు తరిగేటప్పుడే ఏడ్చేశాను" అంది సొలేన్. "అడగండి."

"ఈ మాళిగకి తాళం వేస్తావా?"

"వెర్నాంజ్‌లో ఎవరు వేస్తారండీ? వేస్తే పొరుగువాళ్ళు అలగరూ!"

నిజమే. మా ఊళ్ళో మాళిగకి తాళం వేసినవాడి ఇంటికి పెళ్ళిపిలుపు కూడా రాదు.

"నిన్న సాయంత్రం ఎక్కడున్నావు?"

"అందరూ ఎక్కడున్నారో అక్కడే. ఊరి హాల్లో బల్లలు సర్దుతున్నాం. ఊరు ఊరంతా అక్కడే ఉంది. అన్సెల్మ్ తాత పాటలు పాడాడు. ఆపమని బతిమాలాం కూడా."

"ఈ పీపా అమ్మమని ఎవరైనా అడిగారా?"

"గిస్లాన్ ఫోర్నెరో గారు అడిగారు, రెండుసార్లు." ఆమె కాస్త గర్వంగానే చెప్పింది. గర్వపడాల్సిందే మరి. గిస్లాన్ బర్గండీ మనిషి, తరాలుగా వైన్ చేసే ఇంట్లో పుట్టాడు, ఇవాళ దేశంలో పెద్ద పెద్ద భోజనశాలలకి వైన్ ఎంచిపెట్టేది ఆయనే. ఈ పండక్కి ముఖ్య అతిథి కూడాను. "ఇది ఊరి పీపా అండీ, ఊళ్ళోనే తెరుచుకోవాలి అన్నాను. ఆయన నా చెయ్యి ముద్దుపెట్టుకుని వెళ్ళిపోయారు."

"చూశావా?" అన్నాడు రెజిస్. "అంత పెద్దమనిషి దొంగతనం చేస్తాడా? ఒకవేళ చేశాడే అనుకో, తీసినదానికంటే ఎక్కువ పోసి వెళ్ళే వెర్రివాడా? ఈ పిల్ల తన వైన్ ఎక్కడో దాచుకుని, మనకి చవక సరుకు పోసి తాగిద్దామనుకుంది. కాస్త ఎక్కువైతే ఇంకో నలభై సీసాలు అమ్ముకోవచ్చుగా!"

"నేనా?" సొలేన్ గరిటె ఎత్తింది. "కెప్టెన్ గారూ, ఇంకోసారి అనండి ఆ మాట!"

వాడు ఒక మెట్టు పైకెక్కాడు.

నేను వాళ్ళని పోట్లాడుకోనిచ్చి పీపాల దగ్గరికి వెళ్ళాను. పీపా లోపల ఏముందో తెలియాలంటే తెరవక్కర్లేదు, వేలి కణుపుతో తడితే చాలు. ఖాళీ ఉన్నచోట 'బొయ్'మంటుంది, వైన్ ఉన్నచోట 'టక్'మంటుంది. పండగ పీపాని కింద తట్టాను, టక్. నడుం దగ్గర టక్. మూతి పక్కనా టక్. పక్కన ఉన్న వచ్చే ఏటి పీపాని తట్టాను. కింద టక్, పైన హాయిగా బొయ్. దాని పక్కదీ అంతే. ఆ వరసలో చివర మూల ఉన్నది మా నాన్న పీపా. మా ఇంటి మాళిగలో చెమ్మ ఎక్కువని ఇక్కడ పెట్టాం. నాన్న చివరి పంట అది. రెజిస్ పదవీ విరమణ రోజున ఇద్దరం కలిసి తెరవాలని ఒట్టు.

"అవన్నీ కొట్టుకుంటూ పోతావేంటి?" రెజిస్ అడ్డొచ్చాడు. "ముఖ్యంగా నాన్న పీపా ముట్టకు. తెర కదిలితే ఊరుకోను."

"వేలితో తడితే తెర కదులుతుందట్రా?"

"అది నాన్న జ్ఞాపకం!" వాడి చెవులు జేగురు రంగుకి తిరిగాయి. చిన్నప్పటినుంచీ వాడికి కోపమొస్తే అంతే. పాపం, నాన్నంటే ప్రాణం వాడికి. వదిలేశాను.

అంతలో సంఘం పెద్ద అన్సెల్మ్ వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి, ఊరి పాలకేంద్రంలో చీజ్ చక్రాలు మాగబెట్టేది ఆయనే. పొద్దున్నే సొలేన్ వంటింటికి మీగడ క్యాన్లు దింపింది కూడా ఆయనే.

"తాతా, ఇంకోసారి రుచి చూసి చెప్పవా?" అని గాజు గొట్టం చేతికిచ్చాను. "ఈ జగ్గు కాస్త పట్టుకో, నా చేతులు ఖాళీ లేవు." జగ్గు నిండా తెల్ల వైన్ ఉంది.

ఆయన ఒక చేత్తో జగ్గు పట్టుకుని, రెండో చేత్తో బిరడా తీసి, గొట్టంతో కొంచెం పైకి లాగి, నాలిక మీద వేసుకుని ఉమ్మేశాడు. బిరడా తిరిగి పెట్టేసి జగ్గు నాకిచ్చాడు. "చావు వైన్! సొలేన్, నీ మీద నాకు కోపం లేదే పిల్లా, కానీ నాలిక అబద్ధం చెప్పదు."

"నిన్న సాయంత్రం గిస్లాన్ గారు హాల్లో ఉన్నారా?"

"ఉన్నాడు. నేను పాట ఎత్తుకోగానే ఫోన్ వచ్చిందని బయటికి పోయాడు. నా పాట అయ్యేదాకా రాలేదు."

"ఎన్ని చరణాలు?"

"ఎవరూ ఆపకపోతే నేనెందుకు లెక్కపెడతాను?"

నవ్వుతూనే గుర్తుపెట్టుకున్నాను. అన్సెల్మ్ పాట అయ్యేలోపు ఒక పీపా ఖాళీ చేసి మళ్ళీ నింపొచ్చు.

ఆ మాటల్లోనే గిస్లాన్ స్వయంగా దిగి వచ్చాడు. చంకలో సీసా, వేళ్ళ మధ్య గ్లాసులు, పెదాల మీద నవ్వు. దొంగని చూస్తే అసహ్యం కలగాలి కదా, ఈయన్ని చూస్తే నాకూ నవ్వే వచ్చింది. "మదామ్ ఓడిల్! ఇంత చలిలో, ఇంత బాధలో గొంతెండగొట్టుకుని కూర్చుంటారా? అన్యాయం!"

అందరికీ పోశాడు. నేనొక గుక్క తాగాను. మాట్లాడుతూనే నా గ్లాసు మళ్ళీ నింపాడు. ఇంకో గుక్క తాగాను, మళ్ళీ నిండింది. రెజిస్ గ్లాసూ అంతే. తాగని సొలేన్ గ్లాసులో కూడా ఒక చుక్క వేశాడు. మాళిగ గూట్లో ఉన్న పువ్వుల కూజాలో నీళ్ళు తగ్గాయని బల్ల మీది నీళ్ళ సీసా తీసి అందులోనూ పోశాడు. ఆయన కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి.

"నిన్న సాయంత్రం ఫోన్ ఎవరిదండీ?" అన్నాను.

"మా ఆవిడది. ఆవిడ మాట్లాడితే త్వరగా తేలదు."

"ఇవాళ పొద్దున్నే వెళ్ళిపోతారనుకున్నాను."

"సొలేన్ కోడి తినకుండానా?" ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "మదామ్, నన్ను ఉరి తీసినా ముందు ఆ కోడి తినిపించి తియ్యాలి."

ఆ ఒక్క మాట మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజమని నాకు తెలుసు.

"కెప్టెన్!" పైనుంచి కానిస్టేబుల్ కేక వినిపించింది. "వంటింట్లోకి రండి! త్వరగా!"

అందరం పరిగెత్తాం. వంటింట్లో మీగడ క్యాన్లు నాలుగు గోడవార వరసగా ఉన్నాయి. కానిస్టేబుల్ ఒకదాని మూత తీసి పట్టుకున్నాడు. లోపల తెల్లటి మీగడ లేదు. బంగారం కరిగించి పోసినట్టు పసుపు వైన్ ఉంది! మిగతా మూడూ తీశాం. అన్నీ అవే. అక్రోటు వాసన గుప్పుమంది.

నేను వేలు ముంచి నాకాను. పాతికేళ్ళు రుచి చూశాను, ఇలాంటిది నాలుగైదుసార్లు కూడా తగల్లేదు. ఈ పిల్ల మొదటి ప్రయత్నంలోనే చేసేసింది!

"ఇప్పుడేమంటావక్కా?" రెజిస్ ఛాతీ పెంచాడు. "దాచుకున్న సరుకు ఆమె సొంత వంటింట్లోనే దొరికింది. అమ్మాయ్, చేతులు చాపు."

సొలేన్ మొహం పాలిపోయింది. "నేను మీగడ మూతలు ఇంకా తియ్యనే లేదు! కోడిలో మీగడ వేసేది పొయ్యి మీంచి దించే ముందు కదా! ఓడిల్ గారూ, నేను కాదు..."

"ఒరేయ్ రెజిస్, ఆగు. దాచుకునేది వంటింట్లో, అందరూ తిరిగేచోట దాచుకుంటుందా?"

"నువ్వెప్పుడూ ఇంతే! చిన్నప్పుడు నా గోళీలు పోతే కూడా పిల్లి ఎత్తుకుపోయిందన్నావు."

"పిల్లే ఎత్తుకుపోయింది!"

"పిల్లికి గోళీలెందుకే?"

"అది అడగాల్సింది పిల్లిని. నాకు ఒక్క అవకాశం ఇవ్వు. దేశంలో అందరికంటే మంచి నాలిక ఇక్కడే ఉంది కదా. గిస్లాన్ గారు కింద పీపాలోది రుచి చూసి, క్యాన్‌లోది రుచి చూసి, రెండూ ఒకే తోటవో కాదో చెబుతారు. చెప్పాక నీ ఇష్టం."

పొగిడితే కాదనే మనిషి కాదాయన. అందరం మళ్ళీ కిందికి దిగాం. ఇందాక అన్సెల్మ్‌కి ఇచ్చిన నిండు జగ్గునే మళ్ళీ తీసి, "కాస్త ఇది పట్టుకోండి" అని గిస్లాన్ చేతిలో పెట్టాను.

ఆయన బిరడా తీశాడు. గొట్టంతో వైన్ లాగి గ్లాసులోకి వదిలాడు. వాసన చూశాడు, నోట్లో తిప్పాడు, ఉమ్మాడు. "పాపం, ఏడాది కూడా నిండని పసికందు. తోట ఇది కాదు, ఎక్కడో పల్లపు నేల..." అంటూ ఆయన చెబుతూనే ఉన్నాడు. ఆయన ఎడమ చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. జగ్గు వంచింది. పీపాలో పోసింది. మూతి అంచు దాకా వచ్చాక ఆపి, పొంగిన చుక్కని బొటనవేలితో తుడిచి, బిరడా బిగించి, ప్రేమగా రెండుసార్లు తట్టింది.



"ఇదేం పనయ్యా?" అన్సెల్మ్ నోరు తెరిచాడు. "పసుపు పీపాలో పోస్తారా ఎవరైనా!"

గిస్లాన్ తన చేతికేసి చూసుకున్నాడు, అది పరాయివాడిది అన్నట్టు.

"తాతా, ఇదే జగ్గు నీకూ ఇచ్చాను. నువ్వెందుకు పొయ్యలేదు?"

"పసుపు పీపాలో పొయ్యడానికి నా చెయ్యి పైకి లేస్తుందిటే? పడిపోదూ!"

"అదీ సంగతి" అన్నాను. "బర్గండీలో పీపా వెలితిగా ఉంటే వైన్ పాడవుతుంది. తీసిన ప్రతి చుక్కకీ బదులు పొయ్యాలి. అక్కడ పిల్లలు పాలపీకతో పాటే నేర్చుకుంటారు ఇది. మా జురాలో ఏమో పోస్తే పాపం. రెజిస్, నీ ప్రశ్నకి జవాబు ఇదిగో. మన ఊరి దొంగైతే దొంగతనం దాచడానికి మూడింట రెండు వంతులు పోసి ఆపేవాడు. సొలేన్ అయినా అక్కడే ఆపేది. మూతి దాకా నింపకపోతే నిద్రపట్టని చెయ్యి ఈ ఊళ్ళో ఒక్కటే ఉంది."

"ఇది మామూలు వైనని తెలుసు కాబట్టే పోశాను!" గిస్లాన్ గొంతు సన్నబడింది.

"అయితే మీ వ్యాన్ తెరవండి."

వ్యాన్ తెరిచేసరికి అందులోనూ నాలుగు పాల క్యాన్లు! గిస్లాన్ ధీమాగానే నిలబడ్డాడు, పోయిన సరుకు వంటింట్లో దొరికింది కదా అని. కానీ వైన్‌కి బదులు తనేం తెచ్చుకున్నాడో ఆయనకే తెలియదు. రెజిస్ మూత లేపాడు. లోపల చిక్కటి మీగడ.

అన్సెల్మ్ నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో నా మతి మండ! నిన్న రాత్రి ఈయన పాలకేంద్రం చలిగదిలో తన క్యాన్లు కూడా పెట్టుకుంటానన్నాడు. పాలవిరుగుడు, ఇంటి దగ్గర పందులకి అన్నాడు. పొద్దున నేను వరసలో ముందున్నవి ఎత్తుకొచ్చి ఇక్కడ దింపేశాను! ఆ తర్వాత ఈయన వచ్చి మిగిలినవి ఎక్కించుకున్నాడన్నమాట!"

"మీకు పందులున్నాయా గిస్లాన్ గారూ?" అన్నాను.

"లేవు" అన్నాడు, తల వంచుకుని. తర్వాత ఒక్కసారిగా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ఎలా చూస్తూ ఊరుకోను మదామ్? పోయినవారం సొలేన్ ఒక్క గుక్క రుచి చూపించింది. ఆ రాత్రంతా నిద్ర లేదు. దాన్ని తీసుకొచ్చి ఇవాళ కాగితం కప్పుల్లో పోసి, సాసేజీలు నములుతూ, పాటలు పాడుతూ తాగేస్తారట! కళ్ళు మూసుకుని తాగేవాళ్ళ ముందు పెట్టాల్సిన వైన్ అది. మార్చి పోస్తే మాత్రం వీళ్ళకి తెలుస్తుందా అనుకున్నాను."

"మాకు తెలియదా?" అన్సెల్మ్ చొక్కా చేతులు పైకి మడిచాడు. ఈ వయసులో ఆయన్ని పట్టుకోవడానికి నేనూ కానిస్టేబులూ ఇద్దరం కావలసి వచ్చింది.

సొలేన్ ముందుకొచ్చి నిలబడింది. కొడుతుందేమో అనుకున్నాను. "మీరు నా చెయ్యి ముద్దుపెట్టుకున్నప్పుడు ఇంటికెళ్ళి నాలుగు రోజులు ఎగిరి గంతేశాను. నా పేరు పోతుంటే పక్కన నిలబడి గ్లాసులు నింపారు మీరు. సిగ్గనిపించలేదా?"

"అనిపించింది" అన్నాడాయన. "చాలా."

"కెప్టెన్ గారూ, అరెస్టు భోజనాలయ్యాక చేసుకోండి. రెండు వందల మందికి బంగాళాదుంపలు ఒలవాలి, నాకు మనుషులు చాలడం లేదు. ఒలవండి ఫోర్నెరో గారూ. ఆ మీగడ ఇటు పట్రండి!"

తర్వాత జరిగినదంతా పరుగే. పీపాలోని చావు వైన్ పారబోసి, కడిగి, క్యాన్లలోది నెమ్మదిగా పోశాం. కొందరు ఇంకాస్త ఇంకాస్త అన్నారు, అన్సెల్మ్ ఒప్పుకోలేదు. ఉన్నంతే. పీపాని చర్చి ముందుకి దొర్లించేసరికి గంట మొదలైంది. సొలేన్ అందరి ముందూ పీపా పైభాగాన వేలితో తట్టింది.

బొయ్.

ఊరు ఊరంతా హోరుమంది. కొళాయి దిగ్గొట్టింది. మొదటి కప్పు అన్సెల్మ్‌కి, రెండోది నాకు, ఆ తర్వాత బారులు తీరిన జనానికి. గొడవ గొడవగా ఉన్న వీధి, వరసలో ముందున్నవాళ్ళ నుంచి వెనకవాళ్ళ దాకా మెల్లగా సద్దుమణిగింది. రొట్టెల అంగడి ఆవిడ, బస్సు డ్రైవరు, బడి పంతులు, అందరూ కాగితం కప్పులు పట్టుకుని, సాసేజీ బుగ్గన పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. వంటింటి గుమ్మంలో కత్తి, బంగాళాదుంప పట్టుకుని నిలబడ్డ గిస్లాన్ అది చూశాడు. లోపలికి వెళ్ళి ఇంకో బస్తా విప్పుకున్నాడు.

కోడి గురించి ఏం చెప్పను? మూడుసార్లు వడ్డించుకున్నాను. సొలేన్ నన్ను వాటేసుకుని, సంఘం పుస్తకంలో తన పేరు పక్కన నన్ను సాక్షి సంతకం పెట్టమని అడిగింది. నాకు నాన్న గుర్తొచ్చాడు. ఈ పిల్ల వైన్ తాగుంటే ఎంత మురిసిపోయేవాడో! ఆ మాట ఆయన పీపాతోనైనా చెప్పుకుందామని ఒక్కదాన్నే మాళిగలోకి దిగాను.

మూల పీపాని ప్రేమగా తట్టాను. పైన బొయ్. బాగుంది నాన్నా. నడుం దగ్గర తట్టాను.

బొయ్.

వంగి అడుగున తట్టాను.

బొయ్.

మెట్ల మీద ఎవరో ఆగిన చప్పుడైంది. తలెత్తితే రెజిస్. చేతిలో చిన్న గాజు గ్లాసు ఉంది. వాడి చెవులు జేగురు రంగులో మండుతున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, అమ్మ ఎప్పుడూ అనేది. వాడి చెవులు ఎర్రబడేది కోపానికి కాదే ఓడిల్, అబద్ధానికి అని.

"మన ఊరి దొంగ నింపడన్నావు కదక్కా" అన్నాడు నీరసంగా. "నేను ఒక్క చుక్క కూడా పొయ్యలేదు. ఒట్టు."